కుళాయి విప్పే ముందు

చుక్కలు కారే కుళాయికి వాషర్ మార్చడం అరగంట పని. మా ఇంట్లో అదే పని ఆదివారం సాయంత్రం మొదలై మర్నాడు పదింటికి గానీ తెమల్లేదు. విప్పుతుంటే, కుళాయిని గోడలోని పైపుకు కలిపే చిన్న ఇనుప ముక్క, పాత జీఐ నిపుల్, గోడలోనే విరిగింది. డాబా మీద మేము కట్టేసిన గేట్ వాల్వ్ స్నానాల గదిది కాదు, వంటింటిదని అప్పుడు తెలిసింది. హార్డ్‌వేర్ షాపులు అప్పటికే మూసేశారు.

కాబట్టి పిల్లలతో కలిసి చేసుకునే పనైనా, షాపులు తెరిచే వేళ చూసుకుని పొద్దున్నే మొదలుపెట్టండి. రెండు బిందెలు, నాలుగు బకెట్లు నింపి పెట్టుకోండి. పైపు మూతికి బిగించే అర అంగుళం ప్లగ్ ఒకటి ముందే కొని ఉంచండి. మధ్యలో ఏం జరిగినా దాన్ని బిగించి మిగతా ఇంటికి నీళ్లు వదలొచ్చు.

ఏ వాల్వ్ దేనిదో పని రోజున కాదు, ముందు రోజే తేల్చుకోవాలి. ఒక్కొక్కటీ కట్టి, కింద ఎవరైనా కుళాయిలు తిప్పి చూసి చెబితే, పిల్లల చేత పెయింటుతో పేర్లు రాయించండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వ్ బిగుసుకుపోయి ఉంటుంది. బలవంతం చేస్తే లోపలి స్పిండిల్ తెగి, పైన చక్రం ఊరికే తిరుగుతుంది. అలాంటప్పుడు ట్యాంకు ఖాళీ చేసుకుని పని మొదలుపెట్టడమే నయం. నల్లా నేరుగా వచ్చే లైనైతే నీళ్లొచ్చే వేళ చూసుకోండి. వాల్వ్ దగ్గర ఒక మనిషి ఫోనుతో ఉండాలి. మోటారు స్విచ్ మీద కాగితం అంటించండి, అలవాటు కొద్దీ ఎవరో ఒకరు వేసేస్తారు.

ఇక కరెంటు. గీజర్‌కు స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ బోర్డులో దాని ఎంసీబీ (ఆ లైను కరెంటు ఆపే మీట) దించండి. నీళ్లు పూర్తిగా చల్లారాకే పైపు ముట్టుకోండి. తడి గోడలో స్విచ్ బోర్డు ఉంటే ఆ గది కరెంటు మొత్తం ఆపాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లోనూ ఈ నియమం మారదు. గోడకు డ్రిల్లు పెట్టే ముందు బోర్డుల నుంచి పైకీ కిందకీ వైర్లు వెళ్లే దారి గుర్తుపెట్టుకోండి.

గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని దానికి ప్లగ్ కొట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఒత్తిడి పెరిగితే బయటికి పోయే దారి అదొక్కటే, మూస్తే ట్యాంకు పేలే ప్రమాదం ఉంది. అలాగే సంపు గోడ కారుతోందని అందులోకి దిగడం ఇంటి పని కాదు. మూసి ఉన్న సంపులో గాలి చాలక మనిషి స్పృహ తప్పుతాడు, కాపాడబోయి దిగినవాళ్లూ పడిపోతారు. పిల్లలు మూత దగ్గరికి కూడా రాకూడదు.

సీపీవీసీ (వేడి నీళ్లకూ పనికొచ్చే ప్లాస్టిక్) పైపులు అతికించే జిగురు, సాల్వెంట్ సిమెంటు, ఆవిరి ఘాటుగా ఉంటుంది, దానికి నిప్పు త్వరగా అంటుకుంటుంది. వంటింట్లోనైతే స్టవ్ ఆపి, కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపండి. అతికించాక డబ్బా మీద రాసిన సమయం ఆగాకే నీళ్లు వదలాలి. ఓపిక లేక పది నిమిషాలకే వదిలితే ఆ జాయింటు మళ్లీ కోయాల్సి వస్తుంది, నాకు తెలుసు.

టెఫ్లాన్ టేపు పిల్లల చేతికి ఇవ్వొచ్చు. మర మొన మన వైపు పెట్టి, గడియారం ముల్లు తిరిగే దిశలోనే చుట్టాలి, తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడొస్తుంది. స్పానర్ మాత్రం పెద్దవాళ్లే పట్టుకోండి. కొత్త కుళాయిని మరీ బిగిస్తే సీపీవీసీ ఎల్బో (పైపు మలుపు ముక్క) పగులుతుంది. కుళాయి విప్పేటప్పుడు పైపే కదులుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపి ప్లంబర్‌ని పిలవండి. మేము ఆపలేదు, అందుకే నిపుల్ విరిగింది.

వాల్వ్ మెల్లగా తెరవండి. జాయింటు కింద పొడి పేపరు పరిచి పడుకోండి. తెల్లారి పేపరు మీద ఒక్క తడి మచ్చ కనిపించినా బిగింపు సరిపోనట్టే.