ఆర్వీ ట్రిప్ చివరి రెండ్రోజులు ఇలా ప్లాన్ చేసుకోండి

ఆర్వీలో, అంటే పడకలు, కిచెన్, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండిలో తిరిగేటప్పుడు, చివరి రెండ్రోజుల్లో లాంగ్ డ్రైవ్ పెట్టుకోకండి, పిల్లలు అప్పటికే అలిసిపోయుంటారు, మీరూ అంతే. బండి తిరిగిచ్చే చోటుకి గంటా రెండు గంటల దూరంలో, డంప్ స్టేషన్ (బండిలోని మురుగు నీళ్లు వదిలే చోటు) ఉన్న క్యాంప్‌సైట్ ముందే బుక్ చేసుకోండి.

అసలు పని ట్యాంకులదే. గ్లోవ్స్ వేసుకుని ముందు బ్లాక్ ట్యాంక్ అంటే టాయిలెట్‌ది ఖాళీ చెయ్యాలి, ఆ తర్వాతే సింకు, షవర్ నీళ్లుండే గ్రే ట్యాంక్, ఎందుకంటే ఆ నీళ్లు వెనకాల వస్తే పైపులో అంటుకున్నదంతా కడుక్కుని పోతుంది, ఈ ఆర్డర్ మాత్రం మార్చకండి. ఆ పైపు కడగడానికి తాగే నీళ్ల హోస్ అస్సలు వాడొద్దు. క్యాంప్‌సైట్‌లో సీవర్ (డ్రైనేజీ) కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ ట్యాంక్ వాల్వ్ తెరిచి వదిలేస్తే నీళ్లు పోయి గట్టిది అడుగునే ఉండిపోతుంది, అందుకే మూడింట రెండొంతులు నిండేదాకా మూసే ఉంచండి.

ఫ్రిజ్‌లో ఉన్నవాటితోనే వంట కానిచ్చేయండి. సర్దేటప్పుడు పిల్లలకి తలో సంచి ఇచ్చి వాళ్ల బంక్, పక్కన అరలు వాళ్లనే వెతకమనండి, నిజంగా బాగా వెతుకుతారు. బయల్దేరే ముందు ఆనింగ్ (పక్కకి చాచే ఎండ పందిరి), స్లైడ్‌అవుట్ (బయటికి జరిగే గది భాగం), మెట్లు మూశారో లేదో బండి చుట్టూ తిరిగి చూడండి. రెంటల్ అయితే ఫ్యూయల్, ప్రొపేన్ గ్యాస్ ఎంత నింపివ్వాలో అగ్రిమెంట్‌లో చూసుకుని దార్లోనే నింపించేసి, లోపలా బయటా ఫోటోలు తీసి పెట్టుకోండి.