బర్రెకు టీబీ ఉందో లేదో మెడ మీద చూసేదెలా?

నర్సంపేట వైపు ఏ కొట్టానికి వెళ్లినా నన్ను అడిగేది ఒకటే: "సార్, బర్రె దగ్గుతోంది, టీబీనా?" దగ్గు చూసి చెప్పలేం. గడ్డి దుమ్ముకూ దగ్గుతుంది, ఊపిరితిత్తుల్లో పురుగులున్నా దగ్గుతుంది. అసలు టీబీ ఉన్నది చాలాకాలం మేస్తూ, పాలిస్తూ బాగానే కనిపిస్తుంది. అందుకే చర్మ పరీక్ష.

మెడ మధ్యలో వెంట్రుకలు తీసి, చర్మం మడత మందాన్ని కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. అక్కడే బొవైన్ ట్యూబర్‌క్యులిన్ (పశువుల టీబీ క్రిమి నుంచి తీసిన పరీక్ష మందు) 0.1 మి.లీ. చర్మం పొరలోకి ఎక్కించాలి. చర్మం కిందికి పోతే పరీక్ష దండగ. తడిమితే పెసరగింజంత బుడిపె తగలాలి. బర్రె తోలు మందం. గట్టిగా పట్టే మనిషి లేకుండా మొదలుపెట్టకండి.

72 గంటలకు మళ్లీ కొలవాలి, వీలైతే అదే మనిషి. సోమవారం వేస్తే గురువారం అన్నమాట. ఆదివారం పడేలా వేసి తర్వాత తిట్టుకోవద్దు! మందం 4 మి.మీ. లేదా ఆపైన పెరిగితే పాజిటివ్. 2 మి.మీ. దాటకుండా, నొప్పి, అక్కడ నీరు చేరడం లేకుంటే నెగటివ్. మధ్యలో ఉంటే 42 రోజులాగి మళ్లీ చేయాలి.

జోన్స్ జబ్బు (టీబీ క్రిమికి దగ్గరి చుట్టమైన క్రిమితో పేగులకు వచ్చేది) ఉన్న మందలో తప్పుడు పాజిటివ్ రావచ్చు. అక్కడ ఏవియన్ ట్యూబర్‌క్యులిన్ (పక్షుల టీబీ క్రిమి నుంచి తీసినది) కూడా కొంచెం ఎడంగా వేసి, రెండు వాపులూ పోల్చాలి. ఈమధ్యే ఈనినదానికి, జబ్బు బాగా ముదిరినదానికి వాపే రాకపోవచ్చు. కాబట్టి ఒక్క నెగటివ్‌తో సంబరపడొద్దు.

మేకలకూ ఇదే పద్ధతి.

పాజిటివ్ వచ్చినదాన్ని విడిగా కట్టండి. పాలు మరిగించకుండా ఎవరూ తాగొద్దు. కొట్టంలో పనిచేసేవాళ్లు ఎవరైనా రెండు వారాలుగా దగ్గుతుంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించండి.