ఆన్‌లైన్ టీచర్‌తో అరబిక్ – 7వ పాఠం: గుండెకీ కుక్కకీ మధ్య

ఈ వారం భూతకాల క్రియలు మొదలుపెడదామనుకున్నాను. కుదరదు. ముందు పోయినసారి నేను చేసిన పాపం కడుక్కోవాలి.

ఆరో పాఠం చివర, క్లాస్ ముగిసేటప్పుడు టీచర్‌తో చెప్పమని ఒక వాక్యం ఇచ్చాను: ‘శుక్రన్ మిన్ కుల్లి కల్బీ’. మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు అని అర్థం. మీరు పంపిన పదమూడు రికార్డింగులూ విన్నాను. పదకొండు మంది నా గుండె అనబోయి నా కుక్క అన్నారు. అంటే ‘నా కుక్కంతటితో మీకు కృతజ్ఞతలు’ అని. ఒక రికార్డింగులో టీచర్ నవ్వు ఆపుకోలేక మైక్ మ్యూట్ చేసుకున్న చప్పుడు కూడా ఉంది. మిగతా పదిమంది టీచర్లూ ‘ముమ్‌తాజ్’ అని మెచ్చుకుని కాల్ పెట్టేశారు.

తప్పు మీది కాదు, నాది. గుండె అనే మాటలో ఉన్నది రెండు చుక్కల కాఫ్. కుక్కలో ఉన్నది చుక్కల్లేని కాఫ్. నేను తెలుగులో రెండింటికీ ఒకే ‘క’ పెట్టేశాను. మీరు నేను రాసినట్టే చదివారు.

కైరో టీచర్ దగ్గర నేర్చుకుంటున్న ఒకరు ఇంకో చిక్కు తెచ్చారు. ‘మా టీచర్ అసలు క అనడమే లేదు, అల్బీ అంటాడు. ఎవరిని నమ్మాలి?’ అని. ఇద్దరినీ నమ్మండి. కైరో, డమాస్కస్, బేరూత్ ఊళ్ళ మాటల్లో రెండు చుక్కల కాఫ్ గొంతులో చిన్న తెగింపుగా మారిపోతుంది, అందుకే అల్బ్. గల్ఫ్ వైపు అది గ అవుతుంది, అందుకే గల్బ్. రాసేటప్పుడు మాత్రం అందరిదీ ఒకటే అక్షరం. వార్తలు, పుస్తకాలు, ప్రసంగాల్లో వాడే ఫుస్‌హాలో కాఫ్ కాఫ్‌గానే ఉంటుంది. ఏ ఊరి యాస నేర్చుకున్నా మొదటి ఆరు నెలలు టీచర్‌ని ఫుస్‌హాలోనే మాట్లాడించుకోవాలన్నది నా పట్టుదల. దీనికి ఒప్పుకోనివాళ్ళు చాలామందే ఉన్నారు. యాసతో మొదలుపెడితే నోరు తొందరగా కదులుతుందన్న మాటా నిజమే. కానీ అల్బ్‌తో మొదలుపెట్టినవాళ్ళకి పేజీ మీద ఆ కాఫ్ ఎందుకు ఉందో అర్థం కావడానికే నెలలు పడుతుంది. టీచర్ యాసలోకి జారుతుంటే ‘బిల్ ఫుస్‌హా, మిన్ ఫద్‌లిక్’ అనండి, దయచేసి ఫుస్‌హాలో అని. ఆడ టీచర్ అయితే ‘మిన్ ఫద్‌లికి’ అని చివర ఇకారం వస్తుంది. ఇదీ సగం మంది మరిచిపోయారు.

ఇక అసలు గొడవకి వద్దాం. మీలో చాలామంది స్క్రీన్ పక్కన ఒక కాగితం పెట్టుకుని చదువుతున్నారు. ఆ కాగితం మీద అరబిక్ తెలుగు అక్షరాల్లో ఉంది. చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే గొంతు చెప్పేస్తుంది. దాన్ని చింపేయండి. ‘మరి మీరూ తెలుగులోనే రాస్తున్నారుగా’ అంటారు. అవును, ఇది తెలుగు పాఠం కాబట్టి నాకు వేరే దారి లేదు. నేను రాసేది ఆ మాటని మీరు గుర్తుపట్టడానికి. పలకడానికి కాదు. పలకాల్సింది టీచర్ నోటి నుంచి విన్నది, చూడాల్సింది అరబిక్ అక్షరం. అక్షరాలు 28, వారంలో వచ్చేస్తాయి. వాటి రాత గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను.

తెలుగు అక్షరం ఎంత మోసం చేస్తుందో చూడండి. ఖతర్ దేశం పేరు, బుర్జ్ ఖలీఫా పేరు మనం ఒకే ఖతో రాస్తాం. అరబిక్‌లో ఖతర్‌ది రెండు చుక్కల కాఫ్. ఖలీఫాది గొంతు గీరే ఖా, పూర్తిగా వేరే అక్షరం. రెంటిలోనూ మన ఒత్తు ఖ లేదు. రెండు చుక్కల కాఫ్‌కి ఊపిరి అక్కర్లేదు. నీళ్ళు పుక్కిలించేటప్పుడు ఎక్కడ గరగరలాడుతుందో అక్కడ నాలుక వెనక భాగం ఆనించి ఊపిరి వదలకుండా క అనండి. అంతే.

కాఫ్ ఇలా సులువుగా తేలిపోయింది. తేలనిది, నాకు నిజంగా ఒళ్ళు మండించేది, ట.

అరబిక్‌లో నాలుగు బరువు అక్షరాలున్నాయి: సాద్, దాద్, తా, జా. వీటికి తేలికపాటి జతలు కూడా ఉన్నాయి. తెలుగువాళ్ళకి వెంటనే ఒక ఆలోచన వస్తుంది: ‘తేలికది త, బరువుది ట. తేలికది ద, బరువుది డ. మనకి రెండూ ఉన్నాయిగా!’ ఇంత తెలివైన తప్పు ఇంకోటి లేదు. ఏడాది పాటు నేనూ ఇదే చేశాను, పైగా హాయిగా ఉందనుకున్నాను. ట అనేటప్పుడు నాలుక కొస వెనక్కి మడతపడి అంగిలిని తాకుతుంది. అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి, నాలుక అడుగు భాగం కనిపిస్తుంది. అరబిక్ బరువు ‘తా’కి ఆ మడత లేదు. నాలుక కొస త అనే చోటుకి దగ్గర్లోనే, పైపళ్ళ వెనక ఆనుతుంది. మారేది వెనక భాగం. అది గొంతు వైపుకి లాక్కుంటుంది, నోట్లో గుహలాంటి ఖాళీ ఏర్పడుతుంది. ఆవులింత రాబోతుండగా బలవంతంగా త అన్నట్టు.

అందుకే తేడాని హల్లులో వెతక్కండి, దాని పక్కనున్న అచ్చులో వినండి. తీన్ అంటే అత్తిపండు, బరువు తాతో తీన్ అంటే బురద. రెండో తీన్‌లో ఈకారం కాస్త మసకబారి వెనక్కి జరిగినట్టు వినిపిస్తుంది. సైఫ్ అంటే కత్తి, సాద్‌తో సైఫ్ అంటే ఎండాకాలం. కత్తిలో ఐకారం పళ్ళ దగ్గర పల్చగా ఉంటుంది, ఎండాకాలంలో నోరు నిండుతుంది. దర్బ్ అంటే దారి, దాద్‌తో దర్బ్ అంటే కొట్టడం. ఇక్కడ అకారం కొంచెం ఓకారం వైపు ఒరుగుతుంది. హల్లుని ఎంత గట్టిగా నొక్కినా లాభం లేదు, అచ్చు మారకపోతే టీచర్‌కి అది తేలిక అక్షరంగానే వినిపిస్తుంది. నా మొదటి టీచర్ నా ‘టీన్’ని మూడు వారాలు భరించి, చివరికి మర్యాదగా ‘ఇది ఏ అక్షరం?’ అని అడిగింది. మూడు వారాలు!

దాద్ గురించి ఇంకో మాట. అరబిక్‌కి ‘దాద్ భాష’ అని పేరుంది. మనకి అది అలవాటైనదే, కానీ వేషం మార్చుకుని వచ్చింది. అర్జీ, రాజీ, హాజరు, జామీను, జిల్లా. ఈ మాటలన్నిటిలో జ ఉన్నచోట అరబిక్‌లో దాద్ ఉంటుంది. పర్షియన్ మీదుగా వచ్చేటప్పుడు అది జ అయిపోయింది. హాజరు అక్కడ హాదిర్, రంజాన్ అక్కడ రమదాన్. (దాద్‌లన్నీ మన ఆఫీసుల్లో, కోర్టుల్లో దాక్కున్నాయేమో అనిపిస్తుంది.) ఈ బంధుత్వం మాటలు గుర్తుపెట్టుకోవడానికి బంగారం, పలకడానికి గండం. ఒకరు ‘మిన్ ఫజ్‌లిక్’ అన్నారు. ఆ జ ఎక్కడిదో ఇప్పుడు తెలిసిందిగా.

హకారాలు రెండు. ఒకటి మన హ. రెండోది, అడుగునా పైనా చుక్క లేని హా, కళ్ళజోడు తుడిచే ముందు అద్దం మీద ఊదే ఊపిరి. ఇంతకంటే వివరించను, నిజంగా ఊది చూడండి. అద్దం మీద ఆవిరి పట్టిందంటే వచ్చినట్టే.

మనకి కలిసొచ్చేవీ ఉన్నాయి. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మిగతావాళ్ళకి నరకం, మనకి పుట్టుకతో వచ్చినవి. హమామ్ అంటే పావురాలు, హమ్మామ్ అంటే స్నానాలగది. అద్రుసు అంటే చదువుకుంటున్నాను, ఉదర్రిసు అంటే పాఠం చెబుతున్నాను. వీటిలో పదమూడు మందిలో ఒక్కరూ తప్పలేదు. ‘గది’ని ‘గద్ది’ అనడానికి తెలుగు నోరు ఒప్పుకోదు కదా.

ఇప్పుడు ‘ముమ్‌తాజ్’ సంగతి. అద్భుతం అని దాని అర్థం. టీచర్లు మంచివాళ్ళు, మీ ఉద్దేశం అర్థమవుతుంది కాబట్టి మెచ్చుకుంటారు. కుక్కతో కృతజ్ఞతలు చెప్పినా పొగిడారంటే ఆ పొగడ్త విలువ ఎంతో చూడండి. ‘సహ్‌హిహ్ లీ’, అంటే నన్ను సరిదిద్దండి, అని అడగమని మూడో పాఠంలో చెప్పాను. అడిగారు. వాళ్ళు ఒకటి రెండు సరిదిద్ది, మొహమాటపడి ఆపేశారు. అడగడంతో పని జరగదు. మొహమాటానికి చోటివ్వని ఏర్పాటు ఉండాలి.

నేను చేసేది ఇది. కెమెరా ఆపేస్తాను, పెదాలు చూసి ఊహించే వీలు లేకుండా. ‘ఉక్తుబ్ మా సమిఅత’ అంటాను, విన్నది రాయండి అని. ఆడ టీచర్‌తో ‘ఉక్తుబీ మా సమిఅతి’. తర్వాత జతలోంచి ఒక్క మాట, ఏదో చెప్పకుండా, ఒకేసారి పలుకుతాను. టీచర్ చాట్‌లో అరబిక్ అక్షరాలతో టైప్ చేస్తారు. నేను బురద అన్నప్పుడు అక్కడ అత్తిపండు పడితే వాదనే లేదు. వాళ్ళు నన్ను నొప్పించలేదు, విన్నది రాశారంతే. మొదటిరోజు నాకు పదికి మూడు వచ్చాయి. వాక్యాలు వద్దు. వాక్యంలో పెడితే టీచర్ సందర్భాన్ని బట్టి సరైన మాటే రాసేస్తారు. ఎండాకాలం వేడిగా ఉందంటే కత్తి అని ఎవరూ రాయరు.

మధ్యలో ఒక చిన్న హెచ్చరిక. ఈజిప్టు 2023 నుంచి మళ్ళీ వేసవి గడియారం పాటిస్తోంది. ఏప్రిల్ చివరి శుక్రవారం గంట ముందుకి జరుపుతారు, అక్టోబర్ ఆఖర్లో వెనక్కి. ‘టీచర్ రాలేదు’ అని ఫిర్యాదు చేసిన ఇద్దరూ గంట ఆలస్యంగా వెళ్ళారు.

అభ్యాసం. కష్టంగానే ఉంటుంది, ఇప్పుడే చెబుతున్నాను. ఐదు జతలు: గుండె–కుక్క, అత్తిపండు–బురద, ఎండాకాలం–కత్తి, దారి–కొట్టడం, చివరిది నహ్ర్ జత. మామూలు హతో అది నది, అద్దం మీద ఊదే హాతో జంతువుని కోయడం. అరబిక్ అక్షరాల్లో పది చీటీలు రాసి బోర్లించి కలపండి. నాలుగు క్లాసులు, ఒక్కో క్లాస్‌లో మొదటి పదిహేను నిమిషాలు ఇదే పని. చీటీ తీయండి, ఒక్కసారి పలకండి, టీచర్ టైప్ చేసేదాకా నోరు మెదపకండి. తప్పిన చీటీ మళ్ళీ కట్టలోకి వెళ్ళాలి. రోజుకి నలభై మాటలు. టీచర్‌కి విసుగొస్తే పాత్రలు మార్చుకోండి, ఆయన పలుకుతారు, మీరు టైప్ చేయండి. అది ఇంకా మంచిది, కానీ దానికి మీ ఫోన్‌లో అరబిక్ కీబోర్డ్ ఉండాలి. ఆరో పాఠంలో పెట్టుకోమన్నాను, ఎంతమంది పెట్టుకున్నారో నాకు తెలుసు.

క్రియలు ఎనిమిదో పాఠంలో. అక్కడ మొట్టమొదటి అడ్డంకి ఐన్, అరబీ అనే మాటకి మొదటి అక్షరం అదే.

మీరు పలికిన గుండెకి చాట్‌లో వరసగా మూడుసార్లు రెండు చుక్కల కాఫ్ పడేవరకు, క్లాస్ చివర ‘శుక్రన్’ అని మాత్రం చెప్పి కాల్ పెట్టేయండి.