క్వాడ్రేచర్ మాడ్యులేటర్, పాఠం 7: మధ్య గీత ఎక్కడి నుంచి వస్తోంది?

క్వాడ్రేచర్ మాడ్యులేటర్ అంటే ఐ, క్యూ అనే రెండు దారుల్లో ఇచ్చిన సిగ్నళ్లను ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం మీదికి ఎక్కించే చిప్. గత పాఠం అభ్యాసం గుర్తుందిగా: ఆ తరంగాన్నిచ్చే లోకల్ ఆసిలేటర్ 900 మెగాహెర్ట్జ్, ఐ దారిలో 1 మెగాహెర్ట్జ్ కొసైన్, క్యూ దారిలో అదే ఫ్రీక్వెన్సీ సైన్. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలముందో గీతలుగా చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ మీద 901 దగ్గర ఒక్క గీత రావాలి. రాయగడ నుంచి వచ్చిన ఫొటో చూసినా, పర్లాకిమిడి, బరంపురం నుంచి వచ్చినవి చూసినా మూడు గీతలున్నాయి: 899, 900, 901. "మాస్టారూ, చిప్ పోయిందా?" అని అడిగారు. పోలేదు. ముందు ఈ గీతల పని చూద్దాం.

ఆసిలేటర్ తరంగాన్ని చిప్ రెండుగా చీల్చి, ఒకదాన్ని 90 డిగ్రీలు జరుపుతుంది. ఒక మిక్సర్ జరపని తరంగాన్ని ఐతో, ఇంకోటి జరిపినదాన్ని క్యూతో గుణిస్తుంది. ఏ మిక్సర్‌ను విడిగా చూసినా 899, 901 రెండూ సమానంగా పుడతాయి. రెంటి అవుట్‌పుట్లూ కలిసేచోట 901లు ఒకదానికొకటి తోడై పెరుగుతాయి, 899లు ఎదురెదురై చెల్లిపోతాయి. మధ్యలో ఐఎఫ్ (మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) మెట్టు లేదు కాబట్టి ఈ చెల్లింపు సరిగ్గా జరగకపోతే తర్వాత దిద్దడానికి చోటుండదు. 900 దగ్గర 2 మెగాహెర్ట్జ్ ఎడాన్ని విడగొట్టే ఫిల్టర్ మన బల్ల మీద దొరకదు.

901 చిన్నగా, 899 పెద్దగా వచ్చినవాళ్లు క్యూ దారి రెండు తీగలూ అటుదిటు మార్చండి. అంతే.

మిగిలిపోయిన 899 గీతను ఇమేజ్ అంటారు. ఐ, క్యూ దారుల బలాల్లో తేడా ఉన్నా, 90 డిగ్రీలు సరిగ్గా 90 కాకపోయినా అది వస్తుంది. ఒక్క డిగ్రీ తప్పితే ఇమేజ్ అసలు గీతకు 41 డీబీ (డెసిబెల్, బలాల నిష్పత్తి కొలత) కింద ఉంటుంది. బలంలో 0.1 డీబీ తేడా ఉంటే దాదాపు 45 డీబీ కింద. నేనైతే ముందు బలం సరిచేసి, తర్వాత ఫేజ్ (ఆ 90 డిగ్రీలు) ముట్టుకుంటాను. బలం తేడా మీటర్‌తోనే కనిపిస్తుంది.

ఇక 900. గొడవంతా ఇక్కడే. ఇది క్యారియర్ లీకేజీ, అంటే ఆసిలేటర్ తరంగమే అవుట్‌పుట్‌లో తేలడం. దీన్ని తగ్గిస్తామని చాలామంది ఐ, క్యూ పిన్నులకు సిరీస్‌లో కెపాసిటర్లు పెట్టారు. "డీసీ (మారని వోల్టేజీ) వల్ల వస్తోంది కదా, డీసీనే ఆపేశాం" అన్నారు. సిగ్నల్ మొత్తం వంకర్లు పోయింది.

మన చిప్‌లో ప్రతి ఇన్‌పుట్ పిన్నూ 0.5 వోల్టుల మీద నిలబడాలి. అది బయాస్, లోపలి ట్రాన్సిస్టర్లకు అదే ఆధారం. ఐ దారిలో రెండు పిన్నులూ 0.500 దగ్గరే ఉంటే వాటి తేడా సున్నా, వాటివల్ల లీకేజీ లేదు. ఒకటి 0.505, ఇంకోటి 0.500 అయితే తేడా 5 మిల్లీవోల్టులు, అదే ఆఫ్‌సెట్. ఆ 5 మిల్లీవోల్టులే ఆసిలేటర్‌తో గుణకారమై 900లో గీతగా తేలుతాయి. సంతలో తక్కెడను ఎత్తుగా పట్టుకున్నా, కిందకి దించి పట్టుకున్నా ముల్లు కదలదు, పళ్లేల్లో తేడా ఉంటేనే వాలుతుంది. బయాస్ ఆ ఎత్తు, ఆఫ్‌సెట్ ఆ వాలు. కెపాసిటర్ పెట్టి మీరు తీసేసింది ఎత్తును. దయచేసి వాటిని ఇవాళే పీకేయండి.

లెక్క చూడండి. రెండు పిన్నుల మధ్య తేడాగా ఇచ్చే సిగ్నల్ పీక్ 500 మిల్లీవోల్టులు, ఆఫ్‌సెట్ 5. వందో వంతు, అంటే 40 డీబీ కింద. గుణుపూర్ నుంచి వచ్చిన ఫొటోలో గీత సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంది. 1 మిల్లీవోల్టుకు దించితే 54 డీబీ.

ఏ గీత ఏదో అనుమానమొస్తే బయాస్ ఉంచి బేస్‌బ్యాండ్ సిగ్నల్ (ఐ, క్యూల్లో ఇచ్చే 1 మెగాహెర్ట్జ్) మాత్రం ఆపండి. 899, 901 మాయమవుతాయి, 900 నిలుస్తుంది.

ఐ ఆఫ్‌సెట్ ఒక్కటే తిప్పితే 900 కొంత తగ్గి అక్కడే ఆగిపోతుంది. ఆసిలేటర్ తరంగం చిప్ లోపలి దారుల్లోంచి నేరుగా కూడా అవుట్‌పుట్‌కు కారుతుంది, దానికి తన ఫేజ్ తనకుంటుంది. ఐ దాన్ని ఒక దిశలోనే తోయగలదు, దానికి అడ్డదిశ క్యూది. ఐ తిప్పి 900 గీత అన్నిటికన్నా కిందకు దిగే చోటు (దాని అడుగు) చూసుకోండి, క్యూ తిప్పండి, మళ్లీ ఐకి రండి. క్యూ తిప్పాక మళ్లీ ఐని ముట్టుకోనివాళ్లే ఎక్కువ.

ఈ అడుగు చోటు వేడితో పక్కకు జరుగుతుంది. కోరాపుట్ డిసెంబరు తెల్లవారుజామున కుదిర్చిన విలువలు రాయగడ ఏప్రిల్ మధ్యాహ్నానికి పనికిరావు. బోర్డు పది నిమిషాలు వెచ్చబడ్డాకే మొదలుపెట్టండి.

యాంటెన్నా తగిలించొద్దు. 900 మొబైల్ బ్యాండ్. కేబుల్, బలం తగ్గించే 20 డీబీ అటెన్యుయేటర్, అనలైజర్, అంతే.

అభ్యాసం: 900 గీతను 901 గీతకు 60 డీబీ కిందకు దించి, ఐ, క్యూ ఆఫ్‌సెట్ విలువలు రాసుకోండి. ఆసిలేటర్‌ను 850కి, 950కి మార్చి, ఒక్కోచోట మొదట పాత విలువలతో, తర్వాత కొత్తగా కుదిర్చి కొలవండి. ఇదంతా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేయాలి. ఆ పట్టిక పంపినవాళ్ల ఫలితాలతోనే పాఠం 8 మొదలుపెడతాను.