గైడుతో పాత నగరం, 4వ పాఠం: ప్రాగ్ గడియారంలో టైమ్ చూడడం

కిందటి పాఠంలో ప్రాగ్ ఇళ్ళ మీద ఉండే రెండు నంబరు పలకల గురించి చెప్పుకున్నాం. నీలం పలక మీద వీధిలో ఇంటి వరస నంబరు, ఎర్ర పలక మీద ఆ పేట రికార్డుల్లో ఇంటికిచ్చిన నంబరు ఉంటాయి. ఈ వారం పాత పట్టణం కూడలికి వెళ్దాం. అక్కడ టౌన్‌హాల్ గోడకు ఓర్లోయ్ అనే ఖగోళ గడియారం ఉంది. 1410లో పెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది.

గైడును మాట్లాడుకునేటప్పుడే ఒక ముక్క రాసి పెట్టండి: "గంట కొట్టే సమయానికి వద్దు. కొట్టిన పావుగంట తర్వాత గడియారం దగ్గరికి తీసుకెళ్ళండి. అక్కడ ఇరవై నిమిషాలు ఉంటాం." మన ఒక్కరి కోసమే గైడును పెట్టుకుంటే దక్కే అసలు లాభం ఇదే. ఎక్కడ ఎంతసేపు నిలబడాలో మన ఇష్టం. గంట కొట్టేటప్పుడు పైన కిటికీలు తెరుచుకుని ఏసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు ఒక్కొక్కటే కనిపిస్తాయి, అస్థిపంజరం తాడు లాగుతుంది, చివర్లో కోడి కూస్తుంది. కింద జనం కిక్కిరిసి ఫోన్లు పైకెత్తుతారు. జేబులు జాగ్రత్తగా చూసుకోవాల్సిన సమయం కూడా అదే. కోడి కూయగానే అందరూ వెళ్ళిపోతారు. మొదటిసారి నేనూ అలాగే చూసి వెళ్ళాను. రెండోసారి గైడుగా వచ్చిన పెద్దావిడ, కూడలి ఖాళీ అయ్యేదాకా ఆగి, మడిచిన గొడుగు మొనతో ఒక్కో వలయాన్నీ చూపించింది. అంతా చెప్పాక గొడుగు దించి, "ఇప్పుడు మీరు చెప్పండి, టైమెంత?" అంది. ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పగలగాలి. ఈ పాఠం అందుకే.

ముందు సూర్యుణ్ణి వెతకండి. పైనున్న గుండ్రటి గడియారపు పళ్ళెంలో చివర బంగారు చెయ్యి ఉన్న పొడుగాటి ముల్లు కనిపిస్తుంది. దాని మీదే చిన్న బంగారు సూర్యబింబం ఉంటుంది. ఇప్పుడు దాని వెనకాల రంగు చూడండి. నీలం మీద ఉంటే పగలు, ఎరుపు మీద ఉంటే సంధ్యవేళ, నలుపు మీద ఉంటే రాత్రి. ఎడమవైపు తూర్పు, కుడివైపు పడమర. పళ్ళెం నడిమధ్య ఉన్న చిన్న నీలి గుండ్రం భూమి. సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతాడని అందరూ నమ్మిన రోజుల్లో చేసిన గడియారం కదా.

ఇక టైమ్. ఇక్కడ ఒకే ముల్లుతో మూడు రకాల కాలం చదవచ్చు.

మొదటిది తేలిక. నీలం అంచున బంగారు రోమన్ అంకెలు ఒకటి నుంచి పన్నెండు దాకా రెండుసార్లు ఉంటాయి. పైనున్న పన్నెండు మధ్యాహ్నం, కిందున్న పన్నెండు అర్ధరాత్రి. బంగారు చెయ్యి ఏ అంకె మీదుంటే అదే మనకు అలవాటైన టైమ్.

రెండోది బయటి నల్ల వలయం. దాని మీద పాతకాలపు అంకెలు 1 నుంచి 24 దాకా ఉంటాయి. అప్పటి 4 దారంతో వేసిన ముడిలా ఉంటుంది కాబట్టి తడబడకండి. ఇది పాత చెక్ కాలం. రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. పొద్దు గుంకే వేళకు ముల్లు 24 మీదికి వచ్చేలా ఈ వలయం ఏడాది పొడవునా అటూ ఇటూ జరుగుతుంది. మన పెద్దలు సూర్యోదయం నుంచి గడియలు లెక్కపెట్టారు, వీళ్ళు సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెట్టారు. దీనివల్ల ఒక సుళువు ఉంది. ముల్లు చూపే అంకెను 24 లోంచి తీసేస్తే పొద్దు గుంకడానికి ఇంకా ఎన్ని గంటలుందో తెలిసిపోతుంది. వీధి దీపాలు లేని ఊళ్ళో మనిషికి కావాల్సిన లెక్క అదే.

మూడోది కాస్త కష్టమే కానీ, పంచాంగం చూసే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇట్టే పట్టుబడుతుంది. నీలం మీద బంగారు రంగు వంపు గీతలు పగటిని 12 భాగాలు చేస్తాయి. సూర్యబింబం ఏ రెండు గీతల మధ్య ఉందో చూడాలి. ఈ గంటలు సమానం కావు. ప్రాగ్‌లో జూన్ చివర పగలు సుమారు 16 గంటలు, డిసెంబరు చివర సుమారు 8. అంటే ఎండాకాలంలో ఈ 'గంట' 80 నిమిషాలు, చలికాలంలో 40. వింతగా ఉందా? రాహుకాలం లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు పగటిని ఎనిమిది భాగాలు చేసి ఒక భాగం తీసుకుంటాం. పగలు సాగితే అదీ సాగుతుంది, పగలు కుదించుకుపోతే అదీ కుదించుకుపోతుంది.

లోపల ఒక పక్కకు ఒరిగి తిరిగే చిన్న వలయం రాశిచక్రం. దాని మీద పన్నెండు రాశుల గుర్తులు ఉంటాయి. సూర్యబింబం ఏ రాశి మీదుందో చూసి, ఇంట్లో పంచాంగంతో పోల్చండి. కలవదు! మనకు సూర్యుడు మకరంలోకి వచ్చేది సంక్రాంతికి, జనవరి మధ్యలో. ఇక్కడ డిసెంబరు 21, 22 ప్రాంతంలోనే వచ్చేస్తాడు. మనది నక్షత్రాలను బట్టి వేసే నిరయన లెక్క, వీళ్ళది ఋతువులను బట్టి వేసే సాయన లెక్క. రెండింటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది. దాన్నే అయనాంశ అంటాం. ఈ సంగతి గైడుకు మీరు చెప్పండి. నేను చెప్పినప్పుడు ఆవిడ గొడుగు చంకలో పెట్టుకుని నోట్‌బుక్ తీసి రాసుకుంది. ఇద్దరికీ తెలిసింది పంచుకునే నడక అప్పటి నుంచే మొదలైంది.

ఒక కథ కూడా వింటారు. గడియారం చేసిన హనుష్ అనే పనివాడు ఇలాంటిది ఇంకో ఊరికి చేయకుండా అతని కళ్ళు పొడిపించారని. తాజ్‌మహల్ శిల్పుల చేతులు నరికించారని మన దగ్గర చెప్పుకోవడం లేదూ, అలాంటిదే. నిజానికి 1410లో గడియారం చేసింది కదాన్ ఊరి మికులాష్. లెక్కలు వేసింది యాన్ షిందెల్ అనే ఖగోళ పండితుడని చరిత్రకారుల మాట. గైడు కథ చెప్తే మధ్యలో ఆపకండి. పూర్తయ్యాక, "మరి మికులాష్ సంగతి?" అని అడగండి. అప్పుడు అసలు చరిత్ర బయటికొస్తుంది.

అభ్యాసం: ముల్లు నల్ల వలయంలో 19 మీదుంది, సూర్యబింబం ఇంకా నీలం మీదే ఉంది. పొద్దు గుంకడానికి ఎన్ని గంటలుంది? అయిదు. ఓర్లోయ్ ఫొటోలు మూడు తీసుకుని, ఒక్కోదానిలో మూడు కాలాలూ చదివి కాగితం మీద రాయండి.

వచ్చే వారం వల్తావా నది ఒడ్డుకు, చార్లెస్ వంతెనకు. అక్కడ గట్టు రాళ్ళలో గడ్డం ఉన్న ఒక తల చెక్కి ఉంటుంది. వరద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఊరివాళ్ళు ఆ గడ్డాన్ని చూసే చెప్పుకునేవారు.