బరువు తగ్గుతున్నప్పుడు కరకరలాడేవి ఎలా తినాలి

సాయంత్రం నాలుగు దాటితే నోరు కరకరలాడేదేదో అడుగుతుంది. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళల్లో ఆ వేళకి టీ పక్కన మిక్చరో, జంతికలో, చేగోడీలో ఉండడం మామూలే. బరువు తగ్గాలని అన్నం కొలిచి వడ్డించుకుంటున్నవాళ్ళు కూడా సరిగ్గా ఇక్కడే జారిపోతుంటారు. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం తగ్గిస్తే మిగిలేది సుమారు 100 కేలరీలు. రెండు గుప్పెళ్ళ మిక్చర్, అంటే 50 గ్రాములు తింటే 250 పైనే వచ్చి చేరతాయి. చిరుతిండి పూర్తిగా మానేసి నోరు కట్టేసుకోమని మేం చెప్పం. అలా కట్టేసుకున్నవాళ్ళు నాలుగు రోజులకే పెద్ద పొట్లం తెచ్చుకుంటారు. ఏది తినాలో, ఎంత తినాలో తెలిస్తే రోజూ కరకరలాడించుకుంటూనే బరువు తగ్గొచ్చు.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది: కరకర నూనె వల్ల వచ్చేది కాదు, తేమ పోవడం వల్ల వచ్చేది. పిండిపదార్థంలో నీరు బాగా తగ్గిపోతే అది గట్టిపడి పెళుసుగా విరుగుతుంది. నూనె చేసే పనల్లా వేడిని గబగబా అందించి ఆ నీటిని ఆవిరి చేయడం. కాకపోతే నీరు ఖాళీ చేసిన చోట్లలో నూనె వచ్చి కూర్చుంటుంది. అదే పని వేడి ఇసుక చేస్తుంది, పొడి మూకుడు కూడా చేస్తుంది. గ్రాము పిండిపదార్థానికి, గ్రాము ప్రోటీన్‌కి 4 కేలరీలైతే, గ్రాము నూనెకి 9. అందుకే 100 గ్రాముల మరమరాల్లోనూ, పుట్నాల పప్పులోనూ సుమారు 350 నుంచి 370 కేలరీలుంటే, నూనెలో వేగిన మిక్చర్, చిప్స్‌లో 500 నుంచి 550 దాకా ఉంటాయి.

ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళకి మా మొదటి సలహా ముఢీయే. మరమరాలనండి, ఒడియా వాళ్ళలా ముఢీ అనండి, అది ప్రతి వీధి చివరా దొరుకుతుంది, నూనె లేకుండా ఇసుకలో పేలుతుంది, ధర తక్కువ. ఖరీదు పెట్టి మఖానా (తామర గింజలని అమ్మేవి) కొనాల్సిన పనే లేదు. వాటిలోనూ 100 గ్రాములకి దాదాపు అన్నే కేలరీలు. మరమరాల బలం వాటి తేలికలో ఉంది. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా పోస్తే తూగేది 15 గ్రాములే, అంటే 50, 55 కేలరీలు. గిన్నె నిండుగా కనిపిస్తుంది, నమిలే సేపూ ఎక్కువ.

వాటి లోపం కూడా చెప్పాలి. ఉట్టి ముఢీ తింటే గంటలో మళ్ళీ ఆకలేస్తుంది. ప్రోటీన్ 7 శాతం దగ్గరే, పీచు తక్కువ, రక్తంలో చక్కెరని త్వరగా పెంచే రకం. కాబట్టి దాన్ని ఒంటరిగా తినకూడదు, శనగలు తోడుండాలి. ఈ జత కుదిరితే ఆకలి రాత్రి భోజనం దాకా ఆగుతుంది.

నాలుగు పూటలకి సరిపడే కొలత ఇది. ముఢీ 60 గ్రాములు, పుట్నాల పప్పు 40 గ్రాములు, వేరుశనగ గుళ్ళు 20 గ్రాములు, చిన్న చెంచాతో రెండు చెంచాల నూనె, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచినవి, ఎండుమిర్చి రెండు, గుప్పెడు కరివేపాకు, పావు చెంచా పసుపు. ఉప్పు వేయొద్దు. ముఢీ పేల్చే ముందే బియ్యానికి ఉప్పు పట్టిస్తారు కాబట్టి అందులో ఎలాగూ ఉంటుంది. ముందు ముఢీని జల్లెడ పట్టి ఇసుక రేణువులు, నూక తీసేయండి. వెడల్పు మూకుడులో సన్నని మంట మీద నాలుగైదు నిమిషాలు పొడిగా కలుపుతూ వేపండి. ఒక గింజని వేళ్ళ మధ్య నలిపితే పొడి కావాలి, అణిగి ఊరుకుంటే ఇంకా తేమ ఉన్నట్టే. వేగాక వేరే పళ్ళెంలో పోసుకోండి. అదే మూకుడులో గుళ్ళు పొడిగానే వేపి, ఎర్రబడ్డాక నూనె పోసి వెల్లుల్లి, మిర్చి, కరివేపాకు వేయండి. కరివేపాకు కడిగింది వెంటనే వేస్తే ఆ తడికి మొత్తం మెత్తబడుతుంది, గుడ్డ మీద ఆరబెట్టాకే వేయాలి. ఆకు గలగలమన్నాక పుట్నాలు, పసుపు వేసి ఒక నిమిషం తిప్పి, మంట ఆపి, చివర్లో ముఢీ కలపాలి. మంట మీదే ముఢీ వేస్తే నూనె అంతా కొన్ని గింజలే పీల్చుకుంటాయి, మిగతావి చప్పగా మిగులుతాయి.

మొత్తానికి సుమారు 570 కేలరీలు, నాలుగు భాగాలు చేస్తే పూటకి 140 చిల్లర, ప్రోటీన్ 4 గ్రాములు. అదే బరువు బజారు మిక్చర్ అయితే 160, 170 దాకా పోతుంది. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపించినా గిన్నెలో చాలా తేడా ఉంటుంది. మిక్చర్ ఆ బరువుకి ఒక గుప్పెడు మించదు, ఇదైతే గిన్నెడు. గుప్పెడు తిని ఆగేవాళ్ళు తక్కువ.

బజారులో ముఢీ కలిపించుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కీరదోస, నిమ్మరసం ఎంత వేసినా మంచిదే. ఆవనూనె దగ్గరే జాగ్రత్త. పెద్ద చెంచాడు నూనె అంటే 120 కేలరీలు, రెండు గ్లాసుల ముఢీ కంటే ఎక్కువే. ఆవనూనె ఆరోగ్యానికి మంచిదే కదా అని చాలామంది అంటారు, కానీ లావెక్కించే విషయంలో ఏ నూనెకైనా లెక్క ఒకటే. సీసా వంచకముందే అరచెంచా చాలని చెప్పండి, సేవ్ (సన్న కారప్పూస) వద్దనండి. బెల్లం పాకం పట్టిన ఉఖుడా, మరమరాల ఉండలు, చెక్కీలు మాత్రం బరువు తగ్గే రోజుల్లో చిరుతిండి కింద రావు. పండక్కి ఒకటి తింటే తిన్నారు గానీ రోజూ వద్దు.

శనగల సంగతి. పొట్టుతో ఉన్న వేయించిన శనగలు పుట్నాల పప్పు కంటే మేలు, పీచు ఎక్కువ, నమలడానికి సేపు పడుతుంది. పూటకి 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, 110 కేలరీలు, ప్రోటీన్ 6 గ్రాములు. దీంతో పాటు పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగాలి, లేకపోతే కడుపు ఉబ్బరం. పళ్ళు కదులుతున్నవాళ్ళు, కట్టుడు పళ్ళున్నవాళ్ళు పుట్నాలే తినండి. బఠానీలు కొనేటప్పుడు నూనెలో వేగినవా, ఇసుకలో వేగినవా చూసుకోండి. వేలికి జిడ్డు అంటితే నూనెలో వేగినవే.

ఇంట్లో ఉలవలతో కూడా కరకర చేసుకోవచ్చు గానీ ఓపిక కావాలి. రాత్రంతా నానబెట్టి, వడగట్టి, గుడ్డ మీద రెండు గంటలు ఆరనిచ్చి, సన్నని మంట మీద 20, 25 నిమిషాలు వేపాలి. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా, రాయిలా ఉండిపోతాయి. ఉప్పు, కారం దించాక చల్లాలి.

మొక్కజొన్న పేలాలు మరో మంచి దారి, కాకపోతే ఇంట్లో పేల్చుకున్నవే. సినిమా హాల్లో వెన్న, రంగు పోసినవి లెక్కలోకి రావు. పేలాల గింజలు 30 గ్రాములకి 115 కేలరీల లోపే, పేలితే నాలుగు గ్లాసుల దాకా అవుతాయి. అడుగు మందమైన గిన్నెలో పావు చెంచా నూనె రాసి, మూడు గింజలు వేసి మూత పెట్టండి. ఆ మూడూ పేలాక మిగతావి వేస్తే అన్నీ ఒకేసారి వేడెక్కుతాయి. మూత సందు వదిలి పెట్టాలి. పూర్తిగా బిగిస్తే ఆవిరి లోపలే ఉండి పేలాలు రబ్బరులా సాగుతాయి. సగం గింజలు పేలకుండా అడుగున మిగిలిపోతే తప్పు మంటది కాకపోవచ్చు, గింజ ఎండిపోయి ఉండొచ్చు. గింజ లోపలి తేమే ఆవిరై పొట్టు పగలగొడుతుంది, దానికి 14 శాతం దాకా తేమ కావాలి. పావుకిలో గింజల డబ్బాలో ఒక చిన్న చెంచా నీళ్ళు చల్లి, బిగించి కుదిపి, రెండు రోజులుంచి చూడండి.

చోళ్ళ (రాగుల) మాట ఇప్పుడు అందరి నోటా ఉంది. 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలైనప్పటి నుంచి కోరాపుట్, రాయగడ, గజపతి వైపు చోడి బిస్కెట్లు, చోడి మిక్చర్లు మరింత ఎక్కువగా కనిపిస్తున్నాయి. చోళ్ళు మంచి ధాన్యం, సందేహం లేదు, సున్నం (కాల్షియం) కావలసినంత ఉంటుంది. అయితే చోడి పిండిని నూనెలో వేపితే అది కూడా వేపుడే. పొట్లం వెనక పదార్థాల వరుస చదవండి. బరువులో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలన్నది నియమం. ముందు మైదా, తర్వాత పామోలిన్, చివర్లో చోడి పిండి ఉంటే ముందు వైపు ఎంత పెద్ద అక్షరాలతో చోళ్ళు అని రాసినా ప్రయోజనం లేదు. వంద గ్రాములకి కొవ్వు ఎంతో కూడా అక్కడే ఉంటుంది. మా లెక్కలో 10 గ్రాముల లోపుంటే కొనండి, 25 దాటితే తిరిగి పెట్టేయండి.

నూనె లేని చోడి పెళుసు రొట్టెలు ఇంట్లో ఇలా చేయొచ్చు. చోడి పిండి 60 గ్రాములు, శనగపిండి 20 గ్రాములు, నువ్వులు ఒక చెంచా, వాము చిటికెడు, చిటికెడు ఉప్పు. బాగా మరిగిన నీళ్ళు కొద్దికొద్దిగా పోసి గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకున్నాక మెత్తగా మర్దించి ఆరు ఉండలు చేయండి. చోడి పిండికి గోధుమ పిండిలా సాగే గుణం లేదు, చన్నీళ్ళతో కలిపితే అంచులన్నీ పగులుతాయి. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి అప్పడమంత పల్చగా ఒత్తాలి. పెనం మీద సన్నని మంటపై ఒక్కో వైపు మూడు, నాలుగు నిమిషాలు, మడత పెట్టిన గుడ్డతో నొక్కుతూ కాల్చండి. మందంగా ఒత్తినా, మంట పెంచినా తోలులా సాగుతాయి. ఒక్కోటి సుమారు 50 కేలరీలు.

బరంపురం అప్పడం వదులుకోలేమంటారా? నిప్పు మీద కాల్చుకుంటే ఒకటి 40 కేలరీల చుట్టూ ఉంటుంది, వేపితే అది పీల్చుకునే నూనెతో దాదాపు రెట్టింపు. కానీ అప్పడంలో ఉప్పు, అప్పడాల కారం (సోడా) రెండూ ఉంటాయి, రెంటిలోనూ సోడియమే. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రక్తపోటున్నవాళ్ళు వారానికి ఒకటి, రెండుకి మించొద్దు. వేరుశనగ గుళ్ళు 100 గ్రాములకి 550 కేలరీల పైనే, కాబట్టి 20 గ్రాములు తూచి తినండి, లేదా తొక్కతో ఉన్న వేయించిన కాయలే కొనుక్కోండి. ఒక్కోటి ఒలుచుకోవాలి కాబట్టి చెయ్యి నెమ్మదిస్తుంది. అయిదేళ్ళ లోపు పిల్లలకి మాత్రం గుళ్ళు, శనగలు గింజలుగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి.

నీరున్న కరకర వేరే రకం, అదే అన్నింటి కంటే తేలిక. కీరదోస 100 గ్రాములకి 15 కేలరీలు, ముల్లంగి కూడా దాదాపు అంతే, క్యారెట్ 40 దగ్గర, దోర జామకాయ 70 లోపు. అసలు ఆకలి ఎక్కువగా ఉన్న రోజు ముందు ఒక కీరదోస కోసుకుని తిని, తర్వాత శనగలు తీసుకోండి. ముక్కలకి ఉప్పు ముందే చల్లి పెడితే నీరు వదిలి వాడిపోతాయి. తినే ముందు నిమ్మరసం, మిరియాల పొడి చాలు. చలికాలంలో తేగలు వస్తాయి. కాల్చినవైనా ఉడకబెట్టినవైనా పీచు బాగా ఉంటుంది, నమలడానికి బోలెడు సేపు పడుతుంది. పిండిపదార్థం కూడా ఉంటుంది కాబట్టి ఒకటి తిని ఆపండి.

ఎంత తినాలన్న దగ్గరే చాలామంది తప్పుతారు. సాధారణంగా బరువు తగ్గే ఆహార పట్టికలో చిరుతిండికి 120 నుంచి 150 కేలరీలు కేటాయించుకుంటే సరిపోతుంది. చేత్తో కొలవకండి, వంటింటి తూనిక యంత్రం వాడండి. వారానికోసారి ఏడు చిన్న డబ్బాల్లో తూచి పెట్టుకుంటే రోజూ ఆలోచించక్కర్లేదు. పెద్ద డబ్బా ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటే ఏ తిండైనా మితం తప్పుతుంది. మధుమేహానికి మందులు వాడుతున్నవాళ్ళు, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు శనగలు, పప్పుల మోతాదు డాక్టరుని అడిగాకే పెంచుకోవాలి.

ఇక నిల్వ. గోపాలపురం, ఇచ్ఛాపురం లాంటి సముద్రపు గాలి తగిలే చోట వానాకాలంలో మూత తీసి పెట్టిన ముఢీ గంటలోనే మెత్తబడుతుంది, ఎందుకంటే ఎండిన పిండిపదార్థం గాలిలో తేమని లాగేసుకుంటుంది. వేపినవి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెడితే లోపలి ఆవిరే చెమ్మై పాడుచేస్తుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా, తడి లేని చెంచా ఉంటే ముఢీ మిశ్రమం వారం ఆగుతుంది. గుళ్ళు, నూనె ఉన్నవి పది రోజులు దాటితే ముక్కిపోయిన వాసన వస్తాయి, అలాంటివి పారేయడమే. మెత్తబడిన ఉట్టి ముఢీని మాత్రం పారేయక్కర్లేదు, పొడి మూకుడులో మూడు నిమిషాలు వేపి, పళ్ళెంలో పల్చగా పరిచి పది నిమిషాలు వదిలేస్తే మళ్ళీ కరకరలాడుతుంది.