పిల్లాడిని ఫస్ట్ టైమ్ సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తున్నారా, రఫ్ బుక్ మర్చిపోకండి

నేను హైదరాబాద్‌లో చైల్డ్ సైకాలజిస్ట్‌గా, స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పన్నెండేళ్ల నుంచి పనిచేస్తున్నా. చదువులో వెనకబడ్డాడని అసెస్‌మెంట్‌కి తీసుకొచ్చే పేరెంట్స్ చాలామంది ప్రోగ్రెస్ కార్డులు, డ్రాయింగ్ సర్టిఫికెట్లు, అట్టవేసి లేబుల్ అంటించిన ఫెయిర్ నోట్స్ పట్టుకొస్తారు. నాకు వాటితో పెద్దగా పనుండదండి. రఫ్ బుక్ కావాలి. బోర్డు చూసి గబగబా ఎక్కించుకున్నది, సగంలో వదిలేసింది, డిక్టేషన్ నిండా ఎర్ర సున్నాలు పడ్డది, ఇంట్లో చూపించడానికి సిగ్గుపడి బ్యాగ్ అడుగున దాచింది, అదే తీసుకురండి.

ఆమధ్య మూడో క్లాస్ బాబుని తీసుకొచ్చారు. వాళ్లమ్మ కూర్చుంటూనే "వీడికి బద్ధకం మేడం, నోటితో అడిగితే అన్నీ చెప్తాడు, రాయమంటే ఏడుపు" అంది. రఫ్ బుక్ తెరిస్తే 'పుస్తకం' అనే మాట మూడు లైన్లలో మూడు రకాలుగా ఉంది, ఒకచోట ఒత్తే లేదు, ఒకచోట ఒత్తు పక్క అక్షరం కిందకి పోయింది. పేజీ తిప్పి వెనకవైపు వేలితో తడిమితే పెన్సిల్ నొక్కిన గీతలు గరుకుగా తగుల్తున్నాయి. ఆ తల్లి వేలు కూడా అక్కడ పెట్టించా. అంత బలం పెట్టి రాసేవాడిని బద్ధకస్తుడని ఎలా అంటామమ్మా అంటే ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

తప్పుల్ని ఇలా చూడటం నేను కనిపెట్టింది కాదు. 1920 ప్రాంతంలో స్విట్జర్లాండ్ సైకాలజిస్ట్ పియాజే పారిస్‌లో పిల్లలకి రీజనింగ్ టెస్టులు పెట్టే పనిలో చేరాడు, ఆయన మనసంతా తప్పు జవాబుల మీదకే పోయింది, ఎందుకంటే ఒక వయసు పిల్లలు ఇంచుమించు ఒకే రకం తప్పులు చేస్తున్నారు, అంటే తెలివి తక్కువై కాదు, ఆ వయసులో ఆలోచించే తీరే వేరు. తర్వాత జీవితమంతా ఆయన చేసిన పనికి బీజం అక్కడే పడింది.

సరే, వచ్చేముందు చేయాల్సినవి. ముందు కళ్లు, చెవులు చెక్ చేయించండి. తరచూ జలుబు చేసే పిల్లలకి చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గొచ్చు, ఇంట్లోవాళ్లకేమో పిలిస్తే పలకడు, మొండి అనిపిస్తుంది. అపాయింట్‌మెంట్ పొద్దున పూటే తీసుకోండి. స్కూల్ అయ్యాక కూకట్‌పల్లి నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో వచ్చి కూర్చున్న పిల్లాడికి టెస్ట్ పెడితే మీకు దొరికేది వాడి అలసట స్కోరు. టిఫిన్ తినిపించి తీసుకురండి. రోజూ వేసుకునే మందులేమైనా ఉంటే మీ అంతట మీరు ఆపకండి, పేర్లు రాసి తెండి.

పిల్లాడికి ఏం చెప్పాలి అని అందరూ అడుగుతారు. ఐస్‌క్రీమ్‌కి అని అబద్ధం చెప్పి తీసుకురాకండి, గుమ్మం దగ్గరే నమ్మకం పోతుంది. "చదవడం నీకెందుకు కష్టంగా ఉందో ఒక ఆంటీ నీతో కూర్చుని చూస్తారు, బొమ్మలుంటాయి, చెక్క ముక్కలుంటాయి, ప్రశ్నలుంటాయి, సూది ఉండదు, నేను బయటే ఉంటా" అని ఉన్నదున్నట్టు చెప్తే చాలు. నెట్‌లో ఐక్యూ టెస్టులు వెతికి ప్రాక్టీస్ మాత్రం చేయించొద్దు, దయచేసి. అలా చేస్తే వచ్చిన నంబర్‌కి విలువుండదు.

భాష సంగతి అసలు మర్చిపోకండి. కొత్తలో నేనే ఒక తప్పు చేశా. ఒక పాపకి ఇంగ్లీష్ మీడియం కదా అని మొత్తం ఇంగ్లీష్‌లో పెట్టా, స్కోరు బాగా తక్కువొచ్చింది. బయట వాళ్ల నాయనమ్మతో తెలుగులో గలగలా మాట్లాడుతుంటే విని గుండె గతుక్కుమంది, ఆ రిపోర్ట్ పక్కన పెట్టేసి మాటలతో పనిలేని టెస్టులతో మళ్లీ మొదలుపెట్టా. కాబట్టి ఇంట్లో తెలుగా, ఉర్దూనా, హిందీనా ముందే చెప్పండి. రోజంతా పిల్లతో ఉండే అమ్మమ్మో నాయనమ్మో ఉంటే వాళ్లని కూడా తీసుకురండి, నాకు కావాల్సిన సగం సంగతులు వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

ఎవరి దగ్గరికి వెళ్లినా క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, అడిగితే తప్పేం లేదు. బయట ఫీజు భారమైతే బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన సెంట్రల్ గవర్నమెంట్ సంస్థ, పాతవాళ్లకి ఎన్ఐఎంహెచ్ అంటే తెలుస్తుంది.

రిపోర్ట్ చేతికొచ్చాక ఐక్యూ నంబర్ ఒక్కటే చూసి మూసేయకండి. ఏది బాగా వచ్చు, ఏది రాదు, రేపటి నుంచి ఏం చేయాలి, ఈ మూడూ కూర్చోబెట్టి చెప్పమనండి. లెర్నింగ్ డిసెబిలిటీ (తెలివి ఉన్నా చదవడమో, రాయడమో, లెక్కలో బాగా కష్టమవడం) అని తేలితే అది 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఒకటి, సర్టిఫికెట్ మామూలుగా 8 ఏళ్లు నిండాకే ఇస్తారు. అది ఉంటే సీబీఎస్ఈ బోర్డ్ పరీక్షలో 3 గంటల పేపర్‌కి ఇంకో గంట ఇస్తారు. కానీ ఎనిమిదేళ్లు నిండేదాకా ఊరికే కూర్చోకండి, చదవడం నేర్పే పని ఐదారేళ్లకే మొదలుపెట్టొచ్చు.

ఇంకోటి, టెస్ట్ అయ్యి ఇంటికెళ్తూ ఆటోలో "ఎన్ని కరెక్ట్ చెప్పావ్" అని అడక్కండి. ఆకలేస్తోందా అని అడగండి.